ఏడు పాయింట్ల గజపతి ప్యాకేజీ: కారు తీసుకోండి, కాగితం వద్దు

మా తమ్ముడి భార్య గాజువాక నుంచి వచ్చినప్పుడల్లా ఒకటే పాట. "మీ బరంపురంలో చూడ్డానికి ఏటుంది వదినా? గోపాలపూర్ అయిపోయింది, చిల్కా అయిపోయింది, పూరీ మూడుసార్లు అయింది." ఈసారి కార్తీకంలో పిల్లాడికి నాలుగు రోజులు సెలవు కలిసొచ్చిందని మళ్ళీ దిగింది. నేనేమో జాకెట్లు కుట్టుకుని, చీరలకి ఫాలూ పీకో వేసుకుని బతికే మనిషిని. దసరా ముందు నుంచి దీపావళి దాకా మిషను ముందు నుంచి లేచింది లేదు. నడుం పట్టేసింది. ఎక్కడికన్నా వస్తాను గానీ, ఫోటోల కోసం లైను కట్టే చోటికి మాత్రం రానన్నాను.

అప్పుడు మా వీధి చివర ట్రావెల్స్‌లో దొరికింది ఈ ప్యాకేజీ. గజపతి జిల్లా, రెండు పగళ్ళు, ఒక రాత్రి, ఏడు పాయింట్లు. ఏసీ కారు, డ్రైవరు, డీజిలు, పర్లాకిమిడి లాడ్జిలో రెండు గదులు, అన్నీ కలిపి 8,500 రూపాయలు. తిండి మనదే. ట్రావెల్స్ పేరు రాయను. ఆయన భార్య జాకెట్లు నా దగ్గరే కుట్టించుకుంటుంది. నేను అడిగిన మరో రెండు చోట్లా కాగితం ఇంచుమించు ఇదే, రేటు మాత్రం అయిదొందలు అటూ ఇటూ.

రాసేది ముఖ్యంగా విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం వాళ్ళ కోసం. మీకు అరకు తెలుసు, పూరీ తెలుసు. మీ గట్టుకి ఆనుకునే ఉన్న ఈ జిల్లా తెలీదు. నా చదువు ఒడియా మీడియం. తెలుగు అక్షరాలు అమ్మ పాత వారపత్రికలు ముందేసి నేర్పింది. ఒత్తులు తప్పితే సర్దుకుని చదవండి.

ముందు ఆ కాగితం సంగతి. మొదటి రోజు పొద్దున్న 6కి బయల్దేరాలి. తప్తపాణి వేడినీటి బుగ్గ, 25 నిమిషాలు. జిరంగ్‌లో టిబెటన్ల బౌద్ధ విహారం, 45 నిమిషాలు. ఖసడ జలపాతం, గంట. రాత్రికి పర్లాకిమిడి, మేం కిమిడి అనే ఊరు. రెండో రోజు రాజమహలు, గండాహతి జలపాతం, కొమ్ము బొమ్మల షాపింగు. ఇక చివరి పాయింటు మహేంద్రగిరి, "మధ్యాహ్నం 3 నుంచి 4". ఇది చదివి మా పక్కింటి మాస్టారు ఒకటే నవ్వు. మహేంద్రగిరి 1501 మీటర్ల కొండ. పైన భీముడి గుడి, కుంతి గుడి, ధర్మరాజు గుడి ఉన్నాయి. పరశురాముడు తపస్సు చేసుకున్నాడని చెప్పే చోటు. శివరాత్రికి జనం రాత్రంతా ఎక్కుతారు. దానికి ఒక గంట రాశారు! కొండకి కూడా వీళ్ళే టైము కేటాయించారన్నమాట. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. డబ్బు కట్టేశాం.

కారు 6కి రాలేదు, 7 గంటల 40 నిమిషాలకి వచ్చింది. డ్రైవరు పాతికేళ్ళ కుర్రాడు, ఒడియావాడు, మర్యాదస్తుడు. కారు శుభ్రంగా ఉంది, సీట్లకి తెల్ల టవళ్ళు పరిచాడు. అమ్మకి 74. మోకాళ్ళు నొప్పని ముందు సీటు వెనక్కి వంచి, కాళ్ళ కింద సంచి పెట్టి సర్ది కూర్చోబెట్టాడు. ఆ కుర్రాడి మీద నాకు ఒక్క ఫిర్యాదు లేదు. కానీ వాడి జేబులో ఆ కాగితం ఉంది. ప్రతి పాయింటు దగ్గరా ఫోటో తీసి యజమానికి పంపితేనే వాడి బత్తా వస్తుందట. ఆ సంగతి మాకు సాయంత్రం గానీ తెలీలేదు.

దిగపహండి దాటాక టైరు పంచరు. గంటన్నర అక్కడే. ఎదురుగా పాకలో వేడి వేడి బరా, ఘుగుని, అంటే వడలూ బఠాణీ కూరా. అమ్మకి కార్తీక నియమం, ఉల్లిపాయ కూడా ముట్టదు. అరటిపళ్ళతో సరిపెట్టుకుంది.

తప్తపాణి నిజానికి ఇంకా గంజాం జిల్లాలోదే, దాని గురించి ఎక్కువ రాయను. ఒడియాలో తప్త అంటే కాగినది, పాణి అంటే నీళ్ళు. కొండ పక్కన గంధకం నీళ్ళు పొగలు కక్కుతూ ఊరుతుంటాయి, పక్కన కంధి దేవి గుడి. వాసన గుప్పుమంది. అమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "ఏటే, ఇంత దూరం కూకోబెట్టి తీసుకొచ్చింది ఈ కుళ్ళు గుడ్ల కంపుకా?" అంది. తీరా స్నానం చేసే చోట మోకాళ్ళ దాకా నీళ్ళలో పెట్టి పది నిమిషాలు కూర్చున్నాక లేవనంది. పొద్దున్న నుంచీ పట్టేసిన కాళ్ళు విడిచాయట. అప్పటికే డ్రైవరు హారను కొడుతున్నాడు. ఇక్కడ ఒడిశా పర్యాటక శాఖ పాంథనివాస్ ఉంది, కొన్ని గదుల్లో తొట్టిలోకి ఈ వేడినీళ్ళే వస్తాయి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే ఒక రాత్రి అక్కడ గది తీసుకోండి. పాతిక నిమిషాలకి దిగి ఎక్కే చోటు కాదది.

ఘాటీ ఎక్కాక ఏసీ ఆపించాను. గాలి మారింది. సాలచెట్లు, మధ్య మధ్య మొక్కజొన్న కోసేసిన చేలు. టిబెటన్ల క్యాంపులున్న చంద్రగిరి వచ్చేసరికి మధ్యాహ్నం రెండు. ఇళ్ళ మీద, చెట్ల మీద, కరెంటు స్తంభాల మధ్య రంగు రంగుల గుడ్డముక్కలు తాడు మీద వరసగా. పిల్లాడు "అత్తా, ఎవరిదో పెళ్ళి" అన్నాడు. పెళ్ళి కాదు, ప్రార్థన జెండాలు. నీలం, తెలుపు, ఎరుపు, పచ్చ, పసుపు. ఎక్కడ చూసినా అదే వరస, ఒక్క చోట కూడా తారుమారు లేదు. ఆకాశం, గాలి, నిప్పు, నీరు, నేల అట. నా కళ్ళు మాత్రం అంచుల మీదికి పోయాయి. ఒక్క గుడ్డకీ అంచు మడిచి కుట్టలేదు. దారాలు ఊడి గాలికి పోతున్నాయి. ఇంత పనిచేసి అంచు వదిలేశారేమిటా అనుకున్నాను. తర్వాత తెలిసింది, అలా చిరిగి, వెలిసి, గాలిలో కలిసిపోవాలనే కడతారట. నా దగ్గరికి అలాంటి బేరం ఎప్పుడూ రాలేదు!

తెలీని వాళ్ళకి చిన్న ముక్క. 1959లో దలైలామా వెంటా, ఆ తర్వాతా టిబెట్ వదిలి వచ్చిన వాళ్ళలో కొందరికి 1963లో ఈ కొండల్లో భూమి ఇచ్చారు. అయిదు క్యాంపులు. మంచు దేశం నుంచి వచ్చినవాళ్ళని దోమల అడవిలో దింపారు. వాళ్ళు మొక్కజొన్న వేసుకుని నిలబడ్డారు. జిరంగ్‌లో ఉన్న పద్మసంభవ మహావిహారాన్ని 2010లో దలైలామా వచ్చి ప్రారంభించారు. మనకి అనుమతులూ గట్రా ఏమీ అక్కర్లేదు. చెప్పులు విడిచి లోపలికి వెళ్ళడమే.

లోపల నేను చూసినవన్నీ రాస్తే మీకు విసుగు. బుద్ధుడు, పద్మసంభవుడు, గోడల నిండా బొమ్మలు, అవన్నీ ఫోన్లో దొరుకుతాయి. నాకు స్తంభాలకి వేలాడేసిన జరీ గుడ్డ గొట్టాలు నచ్చాయి. ఒకదాని మీద ఒకటి ముక్కలు పేర్చి, మూడు కోణాల చివర తీసి, ప్రతి చివరకీ కుచ్చు. బరంపురం పట్టు చూసిన కళ్ళు మావి. మా ఇంట్లో తాతల నాటి మగ్గం గుంట ఇప్పటికీ ఉంది, కుంభం అంచు నేసే చేతుల మధ్యే పెరిగాను. అయినా ఆ ముక్కల అతుకు ఎక్కడుందో కనిపెట్టడానికి పది నిమిషాలు పట్టింది. మా మరదలు "వదినా, దేవుణ్ణి చూడవేం, గుడ్డలు చూస్తావేం" అంది. దేవుడు గుడ్డల వెనకే ఉన్నాడు కదా, చూస్తున్నాలే అన్నాను.

బయట పెద్ద పెద్ద ప్రార్థన చక్రాలు వరసగా ఉన్నాయి. పిల్లాడు వాటిని ఎడమ చేతి వైపు ఉంచుకుని తిప్పుకుంటూ పరిగెత్తాడు. ఓ ముసలామె ఏమీ అనలేదు, వాడి భుజాలు పట్టుకుని మెల్లగా ఇటు తిప్పి వదిలేసింది. ప్రదక్షిణం మన గుళ్ళో లాగే, చక్రాలు కుడి చేతి వైపు ఉండాలి. అమ్మకి ఆ ఒక్క పనితో ఊరు నచ్చేసింది. "మనవాళ్ళే" అని తీర్పు చెప్పి గోడవారగా అరుగు మీద చతికిలబడింది.

రెండూ ముప్పావుకి డ్రైవరు వచ్చాడు. "మాసీ, టైము అయింది. ఖసడ వెళ్ళాలి, చీకటి పడితే మెట్లు దిగలేరు." సరిగ్గా అప్పుడే చిన్న చిన్న భిక్షువులు, మా మేనల్లుడి ఈడు వాళ్ళు, ఎర్ర బట్టలు నడుముకి చుట్టుకుని ఫుట్‌బాల్ తెచ్చారు. మావాడు అటు పరిగెత్తాడు. నాలుగింటికి ప్రార్థన ఉందని ఒకాయన హిందీలో చెప్పారు. అమ్మ లేవలేదు. నేనూ లేవలేదు.

ఇక్కడే గొడవ మొదలైంది. డ్రైవరు యజమానికి ఫోన్ కలిపి నా చేతికిచ్చాడు. ఆయన మాట మెత్తన, పని గట్టి. "అక్కా, పాయింటు వదిలితే డబ్బు తిరిగి రాదు. కిమిడిలో గదులు కూడా బుక్ అయిపోయాయి." రాకపోతే పోయిందిలే అన్నాను. "కస్టమరు సంతృప్తి కోసమే కదా అక్కా టైము పెట్టాం" అన్నాడు. నా సంతృప్తి ఈ అరుగు మీదుందయ్యా, నువ్వు పెట్టిన చోట లేదు అన్నాను. మా మరదలికి మొదట కోపం వచ్చింది, జలపాతం దగ్గర ఫోటో దిగడానికి చీర కూడా మార్చుకుంది పాపం. నేను డ్రైవరుని పక్కకి పిలిచి అడిగితే ఆ బత్తా సంగతి బయటపెట్టాడు. ఎంత వస్తుందో అడిగి, అది నేనిస్తాను, నీ కారు ఇక్కడే పెట్టి నువ్వూ పడుకో అన్నాను. రెండు రోజులకి 600. మొత్తం ప్రయాణంలో నాకు గిట్టిన ఖర్చు అదొక్కటే.

నాలుగింటికి ప్రార్థన. ముందు డప్పు, తర్వాత నేల మీద ఆనించి ఊదే పొడవాటి బాకాలు. ఆ శబ్దం చెవిలోకి రాదు, కూర్చున్న పలక లోంచి నడుములోకి వస్తుంది. దసరా నుంచి పట్టేసిన నా నడుము గురించి నేను ఎక్కువ చెప్పను గానీ, గంటసేపు గోడకి ఆనుకోకుండా కూర్చున్నాను. అమ్మ పక్కన గొణుగుతూ ఉంటే మంత్రం నేర్చుకుందేమో అనుకున్నాను. విష్ణు సహస్రనామం చదువుకుంటోంది.

రాత్రికి క్యాంపులో ఒక ఇంటివాళ్ళ గెస్ట్‌హౌస్ దొరికింది. బోర్డు లేదు, పేరూ లేదు, టీ కొట్టువాడు చూపించాడు. రెండు గదులు, ఒక్కోటి 700 రూపాయలు. నడిపేది డెబ్భై దాటిన ముసలామె. కొడుకూ కోడలూ లేరు, స్వెటర్ల సీజను. దసరా అయిందంటే క్యాంపులో వయసువాళ్ళంతా మూటలు కట్టుకుని ఊళ్ళు పట్టుకుపోతారు, సంక్రాంతి దాకా ముసలివాళ్ళూ పిల్లలే మిగులుతారు. మనం ప్రతి చలికాలం రోడ్డు పక్క టెంట్లలో కొనే స్వెటర్లు అమ్మేది వీళ్ళ వాళ్ళే. ఆమె కూడా వయసులో ఉన్నప్పుడు విజయవాడలో, రాజమండ్రిలో పదిహేను చలికాలాలు అమ్మిందట. తెలుగు వచ్చా అంటే నవ్వి, చెయ్యి అడ్డంగా ఊపుతూ, "ఫిక్స్ రేటమ్మా, బేరం లేదమ్మా" అంది. ఆమెకి వచ్చిన తెలుగంతా అదే. గది అద్దె 600 చేసుకోమని మా మరదలు అడిగితే మళ్ళీ అదే మాట. ఇద్దరూ పగలబడి నవ్వారు. అద్దె మాత్రం తగ్గలేదు.

ఇప్పుడు ఆ గెస్ట్‌హౌస్ మంచీ చెడూ. మంచాలు చెక్కవి, పైన వాళ్ళు నేసుకున్న మందపాటి తివాచీలు. నా నడుముకి పరుపు కంటే అదే మేలు. రజాయిలు బరువు, ఎండలో పెట్టిన వాసన వస్తున్నాయి. బాత్రూము ఇంటి వెనక, లోపల బల్బు లేదు. అమ్మని రాత్రి రెండుసార్లు ఫోన్ లైటు పట్టుకుని తీసుకెళ్ళాను. గీజరు లేదు, పొద్దున్న కట్టెల పొయ్యి మీద కాచిన నీళ్ళు బకెట్టు 20 రూపాయలు. దోమతెర అడిగితే చలికాలం దోమలుండవంది. ఉన్నాయి. ఈ కొండ జిల్లాలు మలేరియాకి పాత అడ్డాలు, దోమతెర మీ సంచిలోనే పెట్టుకు వెళ్ళండి. కుక్కలు రాత్రంతా మొరిగాయి, దూడంత కుక్క ఒకటి మా గది గుమ్మానికి అడ్డంగా పడుకుంది. మరదలు పొద్దున్న దాకా తలుపు తియ్యలేదు.

తిండి దగ్గర ఆమె గెలిచింది. అమ్మ నియమం సైగలతో చెప్పాం: ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు, మాంసం లేదు. ఆమె కాసేపు ఆలోచించి టింగ్‌మో చేసింది. మైదాపిండి పులియబెట్టి, మడతలు వేసి ఆవిరి మీద ఉడికించే రొట్టె, మన ఆవిరి కుడుముకి చుట్టం అనుకోండి. బంగాళాదుంప ఉప్పూ మిరియం వేసి వేయించింది. అమ్మ సంచిలోంచి నిమ్మకాయ ఊరగాయ తీసింది. మీకు చెప్పక్కర్లేదు, బరంపురం వాళ్ళు ఊరగాయా అప్పడాలూ లేకుండా గుమ్మం దాటరు. టింగ్‌మో మడతల మధ్య ఊరగాయ నంజుకుని మూడు తింది. ముసలామె కూడా వేలితో రుచి చూసి, కన్ను చిట్లించి, గిన్నె తెచ్చి ముందు పెట్టింది. సగం సీసా ఖాళీ. మేం థుక్పా, అంటే నూడుల్స్ పులుసు, తిన్నాం, 80 రూపాయలు. చలిలో ఆ పులుసు గొంతులోంచి దిగుతుంటే బాగుంది గానీ, మా మేనల్లుడు "మేగీలో నీళ్ళు ఎక్కువ పోశారు" అని తేల్చేశాడు. వెన్న టీ మాత్రం నా వల్ల కాలేదు. ఉప్పగా, నెయ్యి వాసన. ఒక గుటక వేసి మర్యాదకి నవ్వాను, ఆమె వెంటనే మళ్ళీ నింపింది. వాళ్ళ దగ్గర కప్పు ఖాళీగా ఉంచరని ఆలస్యంగా అర్థమైంది.

పొద్దున్న ఆమె నడుముకి కట్టుకున్న చారల గుడ్డ చూశాను. పాంగ్‌దెన్ అంటారు, పెళ్ళైన ఆడవాళ్ళు కట్టుకుంటారు. సన్నటి అడ్డచారల మూడు పట్టీలు నిలువుగా కలిపి కుట్టింది. చారలు ఒకదానికొకటి కలవలేదు. నా ప్రాణం ఆగలేదు. "మీ దర్జీ చారలు కలపలేదు, విప్పి నేను కుట్టి పెడతాను ఇవ్వండి" అని హిందీలో అనేశాను. ఆమె లోపలికి వెళ్ళి ఇంకో రెండు తెచ్చి పరిచింది, కోడలిదీ చనిపోయిన అత్తదీ. అన్నిట్లోనూ అంతే. కావాలనే తప్పిస్తారు. చారలు కలపడం నాకు ఇరవై ఏళ్ళ అన్నం, కలవకుండా కుట్టడానికి కూడా ఒక లెక్క ఉంటుందని అనుకోలేదు. టేపు తీసి కొలుచుకున్నాను. వచ్చాక ఒక లంగాకి ప్రయత్నించాను, మా ఖాతాదారు తిరిగిచ్చేసింది. అది వేరే కథ.

రెండో రోజు పదకొండింటికి బయల్దేరి ఆర్. ఉదయగిరి మీదుగా కిమిడికి. ఈ దారి గురించి ప్యాకేజీ కాగితంలో ఒక్క ముక్క లేదు, అందుకే చెబుతున్నాను: జిల్లా అంతా ఈ దారిలోనే ఉంది. కొండవాలు మీద రాతి గట్లు కట్టి మడులు మడులుగా సవర గిరిజనులు చేసిన పొలాలు, దిగువన సన్నటి నీటి కాలవ. జీలుగు చెట్లు, పనస, జీడి. మలుపుకొక చర్చి. రోడ్డు చాలా చోట్ల బాగుంది, కొన్ని మలుపుల్లో కంకర తేలింది. మధ్యలో హోటళ్ళు నమ్ముకోకండి. మధ్యాహ్నం రెండయ్యాక గానీ మాకు అన్నం దొరకలేదు. ఫోన్ సిగ్నలు గంటకి పైగా లేదు.

కిమిడి చేరేసరికి అమ్మ మొహం వెలిగింది. దుకాణం బోర్డులు ఒడియాలో, లోపల మాటలు తెలుగులో. టీ కొట్టులో నేను అలవాటుగా ఒడియాలో అడిగితే ఆయన "ఏ ఊరమ్మా?" అని తెలుగులో అడిగాడు. మహేంద్రతనయ అవతల పాతపట్నం, అది శ్రీకాకుళం జిల్లా. నది దాటితే రాష్ట్రం మారుతుంది, ఉప్మాలో పోపు మారదు.

గిడుగు రామమూర్తి పంతులు గారు 1880లో బడిపంతులుగా చేరింది ఈ ఊళ్ళోనే, రాజావారి స్కూల్లో. మనం ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకునేది ఆయన పుట్టినరోజునే. సవర భాష నేర్చుకోవాలని, తెలుగూ సవరా రెండూ వచ్చినాయన్ని ఇంట్లో పెట్టుకున్నారు. ఆ భాషకి వ్యాకరణం, నిఘంటువు రాశారు. మనం మాట్లాడే తెలుగునే రాయాలని పోట్లాడారు. లేకపోతే నేను ఇప్పుడు రాస్తున్న ఈ తెలుగు ఎవరూ అచ్చు వేసేవారు కాదు. 1936లో కిమిడిని ఒడిశాలో కలిపినప్పుడు ఆయన కోపంతో ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. పెద్దవారు, తప్పు పట్టను. మా తాతలు మాత్రం మగ్గాలు మోసుకుని ఎక్కడికి పోతారు, ఉండిపోయారు. ఏడు పాయింట్లలో ఆయన పేరు లేదు. తెలుగువాళ్ళకి అమ్మే ప్యాకేజీలో!

రాజమహలు బయటి నుంచే చూశాం. పది నిమిషాల పని. కొమ్ము బొమ్మల దగ్గర మాత్రం గంటన్నర. ప్యాకేజీవాళ్ళు చెప్పిన షోరూము కాదు, టీ కొట్టాయన పంపిన ఇల్లు. పశువుల కొమ్ములు నిప్పు సెగకి మెత్తబరచి, వంచి, ఆకురాయితో రాకి, గుడ్డతో మెరుగు పెడతారు. కొంగలు, రొయ్యలు, దువ్వెనలు. రొయ్య మీసాలు వెంట్రుకంత సన్నం. గది నిండా కాలిన గోరు వాసన, కార్తీకం పూట అమ్మ గుమ్మం బయటే కూర్చుంది. గుండీలు చేస్తారా అని అడిగాను. ఎవరూ అడగరమ్మా అన్నాడు. నా రవిక గుండీ తీసి కొలత ఇస్తే, మేం టీ తాగి వచ్చేలోపు ఆరు కోసి, రెండేసి బెజ్జాలు వేసి ఇచ్చాడు. 120 రూపాయలు. నల్లటి దాంట్లో తేనె రంగు చార. బెజ్జాల లోపలి అంచు కూడా నున్నగా రాకాడు, దారం తెగకుండా. పనివాడు పనివాడే.

గండాహతి వెళ్ళలేదు. మహేంద్రగిరి సంగతి ఎత్తితే డ్రైవరే నవ్వాడు. సాయంత్రం పాతపట్నం, టెక్కలి మీదుగా హైవే ఎక్కి, ఇచ్ఛాపురం దాటి రాత్రి పదిన్నరకి ఇల్లు చేరాం. ఏడింటిలో మేం చూసింది నాలుగు, అందులో మనసారా చూసింది రెండు. మా మరదలు గాజువాక వెళ్ళాక ఫోన్లో చెప్పింది, వాళ్ళ అపార్టుమెంటులో అందరికీ ఆ ముసలామె "బేరం లేదమ్మా" చేసి చూపిస్తోందట. జలపాతం మాట ఎత్తలేదు.

నన్నడిగితే ఇలా చెయ్యండి. విశాఖ నుంచి గుణుపురం పాసింజరు కిమిడి మీదుగానే వెళ్తుంది. 1900లో రాజావారు నౌపడ నుంచి వేయించిన చిన్న రైలు దారే అది, 2004లో ఆ బుల్లి బండి ఆపి తర్వాత పెద్ద లైను వేశారు. కిమిడిలో ఒక రాత్రి, అక్కడి నుంచి కారు మాత్రమే మాట్లాడుకుని జిరంగ్‌లో ఒకటి కాదు రెండు రాత్రులు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా స్వెటరు కావాలి, కొండ మీద ఏటీఎంని నమ్ముకోకుండా నోట్లు కావాలి, టార్చి లైటు, దోమతెర, మోకాళ్ళకి రాసుకునేది ఏదైనా. మహేంద్రగిరికి వేరే ప్రయాణం పెట్టుకోండి, పెద్దవాళ్ళని ఇంట్లో దింపి.

కారుకీ డ్రైవరుకీ అయిదుకి నాలుగున్నర, ఆ అర పంచరుకి పోయింది. గెస్ట్‌హౌసుకి నాలుగు, బాత్రూములో బల్బు పెడితే అయిదు. ప్యాకేజీ కాగితానికి సున్నా. వాడని లాడ్జి గదుల డబ్బు అడిగితే యజమాని రెండు వారాలుగా "చూద్దాం అక్కా" అంటున్నాడు. ఆయన భార్య మొన్ననే పెళ్ళి ఉందని మూడు జాకెట్ల గుడ్డలు ఇచ్చి వెళ్ళింది, అర్జెంటట. నేనూ చూద్దాం అన్నాను.